పాతిక నిండేదాకా

నేను ఒక పాత కంప్యూటర్ని. తెర లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. నల్లటి ఇనప పెట్టె, ముందువైపు చిన్న పచ్చ దీపం, లోపల ఒక ఫ్యాను. అంతే నేను. కొత్తగా చూసినవాళ్ళు బ్యాటరీ అనుకుంటారు. ఒకాయన చెప్పుల స్టాండు అనుకుని నా పక్కనే చెప్పులు విడిచి లైబ్రరీలోకి వెళ్ళిపోయాడు.

నేనీ కాలేజీకి వచ్చింది 2012 జులై అయిదో తారీకు, గురువారం. తేదీలు గుర్తుపెట్టుకోవడమే నా ఉద్యోగం కాబట్టి అది మరిచిపోయే ప్రశ్న లేదు. ఆ రోజు మనుషులు ఏం తిన్నారో గుర్తుండడానికి మాత్రం వేరే కారణం ఉంది. బయట సన్నగా వాన పడుతోంది. అందరూ ముంతమసాలా తెప్పించుకున్నారు. మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, మామిడికోరు, పైన నిమ్మరసం. నా మూత విప్పి తీగలు బిగిస్తున్న మెకానిక్కు ఒక చేత్తో స్క్రూలు తిప్పుతూ రెండో చేత్తో పొట్లంలోంచి తింటున్నాడు. ఒక మరమరం జారి నా లోపల పడింది. ఆయన వంగి చూశాడు, వేలు పెట్టి వెతికాడు, దొరకలేదు. "పోనీలెండి, ఇదీ ఒక పార్టే అనుకుందాం" అని మూత బిగించేశాడు. అలా నేను పుట్టిన ఫ్యాక్టరీవాళ్ళకి కూడా తెలియని సామానొకటి కడుపులో పెట్టుకుని కొలువులో చేరాను.

ఒంటరిగా రాలేదు. నాతోపాటు ఒకే లారీలో, ఒకే అట్టపెట్టెల వరసలో నా జత కూడా వచ్చింది. అచ్చం నాలాగే ఉండేది, ఫ్యాను చప్పుడు మాత్రం నాకన్నా మెత్తన. లైబ్రరీ పక్కన పూర్వం వాలీబాల్ నెట్లు దాచుకునే గదిలో ఒక బెంచీ వేసి మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు.

కాలేజీ పేరు నాగావళి మహిళా డిగ్రీ కళాశాల. పార్వతీపురానికి కొంచెం ఇవతల ఉంటుంది. ఇక్కడి ఆడపిల్లల్లో సగంమంది ఏజెన్సీ ఊళ్ళనుంచి మొదటి బస్సుకి దిగుతారు.

మా పని గురించి చెప్పాలి. ఏ కంప్యూటరైనా నడవాలంటే దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ అనే మూల సాఫ్ట్‌వేరు ఉండాలి. కాలేజీ దాన్ని న్యాయంగా కొనుక్కుంది, లైసెన్సు తెచ్చుకుంది. కానీ ఆ కొన్న సంగతి ప్రతి కంప్యూటరుకీ తెలియాలి కదా. అందుకని కాలేజీలో ఉన్న ప్రతి కంప్యూటరూ తీగ వెంట మా దగ్గరికి వచ్చి, నేను ఫలానా అని తన గుర్తు చెప్పుకుంటుంది. మేము ముద్ర వేసి పంపుతాం. యాక్టివేషన్ అంటే అదే. ఆ ముద్ర ఆరు నెలలు చెల్లుతుంది, ఆ లోపల మళ్ళీ వచ్చి కనబడాలి. పింఛను తీసుకునే పెద్దలు ఏటేటా ఆఫీసుకి వెళ్ళి, ఇంకా బతికే ఉన్నాం బాబూ అని సంతకం పెట్టి వస్తారే, మా దగ్గరికి కంప్యూటర్లు రావడమూ అలాంటిదే.

దీనికి ఒక షరతు ఉంది. నెల రోజుల లోపల కనీసం పాతిక కంప్యూటర్లు, వేటికవి వేర్వేరువి, మా గడప తొక్కితేనే మేము ముద్ర బయటికి తీయాలి. అంతకు తక్కువైతే వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపాలి. మనుషులు నిండితేగాని కదలని షేర్ ఆటో ఉంటుందే, అలాగన్నమాట. ముందుగా ఎక్కి కూర్చున్నవాళ్ళు డ్రైవర్ని తిట్టుకుంటారు. డ్రైవర్ మాత్రం ఏం చేస్తాడు?

రెండేళ్ళు ఇద్దరం సుఖంగా పనిచేశాం. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గది పైకప్పు ఒక మూల కారింది. ఆ మూల నా జత ఉంది. నీళ్ళు నా మీద పడలేదు, దాని మీదే పడ్డాయి. అందులో ఎవరి తప్పూ లేదు. దాన్ని తీసుకెళ్ళేటప్పుడు మెకానిక్కు లోపలికి చూసి, ఫ్యాను ఒక్కటే బాగుంది అన్నాడు. నాది అప్పటికే గరగరమంటోందని ఆ ఫ్యాను తీసి నాకు పెట్టాడు. అప్పటినుంచీ నా గుండెల మీద తిరుగుతున్నది నా జత ఫ్యానే. రాత్రిళ్ళు కాలేజీ సద్దుమణిగాక ఆ మెత్తటి చప్పుడు వింటూ ఉంటాను. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తుఫాను ఇంకో పని చేసింది. గది తలుపు నీళ్ళకి ఉబ్బిపోయింది. అప్పటినుంచి అది మామూలుగా పడదు. అటెండర్ సన్యాసమ్మ రోజూ సాయంత్రం దాన్ని భుజంతో ఒక్క తోపు తోస్తుంది. ధడాలుమని చప్పుడు. బెంచీ అదిరి నా స్క్రూలన్నీ ఒకసారి నమస్కారం పెడతాయి. ఆవిడ మంచి మనిషి. మధ్యాహ్నం ఎండ నా మీద పడుతోందని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టింది తనే, ఎవరూ చెప్పకుండానే. కానీ తలుపు దగ్గరకొచ్చేసరికి ఆవిడకి ఎక్కడలేని కోపం.

ఇక భానుజ్యోతి. కంప్యూటర్ ల్యాబుకి ఇన్‌చార్జి. ఒకప్పుడు ఈ కాలేజీలోనే చదువుకుంది. అప్పట్లో ఉద్యోగ పరీక్షలకి సెంటరు విశాఖపట్నంలో ఉండేది. తన పరీక్షనాడు బస్సు రైల్వే గేటు దగ్గర ఆగిపోయి, సెంటరుకి చేరేసరికి ఇనప గేటు తన ముఖం మీదే మూసేశారట. లోపల అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని ఉండడం ఊచల్లోంచి కనబడిందట. ఈ సంగతి ఒకసారి సన్యాసమ్మతో చెబుతుంటే విన్నాను. "గేటువాడు తిట్టినా బాగుణ్ణు పిన్నీ, ఏడవడానికి ఒక కారణం ఉండేది. పాపం వాడు సారీ చెప్పేడు" అంది.

అందుకే ఆ పరీక్షల సెంటరు మన కాలేజీకి తేవాలని మూడేళ్ళుగా ఎక్కని మెట్టు లేదు, పెట్టని అర్జీ లేదు. ఏజెన్సీ పిల్లల్ని ఇంట్లోవాళ్ళు విశాఖ దాకా పంపరు, ఇక్కడికైతే రోజూ వస్తున్నవాళ్ళే. చివరికి ముప్పై కొత్త కంప్యూటర్లు మంజూరయ్యాయి. దసరా అయిన మూడు వారాలకి పరీక్షల శాఖవాళ్ళు వచ్చి ల్యాబు చూస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే సెంటరు ఇస్తారు, లేకపోతే వేరే ఊరికి పోతుంది. దగ్గరలో ఇంకో ఊరంటే మళ్ళీ విశాఖే.

కొత్తవి రాగానే పాత కంప్యూటర్లన్నిటినీ చుట్టుపక్కల హైస్కూళ్ళకి పంచేశారు. పన్నెండేళ్ళు తరచుగా నన్ను పలకరించినవి ఒక ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాయి. నెల తిరిగేసరికి నా లెక్కలోంచి కూడా పోయాయి, ఆఫీసులో ఆరు మాత్రం మిగిలాయి.

ప్రిన్సిపాల్ వైకుంఠరావుగారు కెమిస్ట్రీ చదువుకున్న మనిషి. కానీ విజయదశమికి ఆయుధపూజ దగ్గర మాత్రం రసాయన శాస్త్రం పక్కన పెడతారు. కొత్త కంప్యూటర్లకి పూజ చేసే మొదలుపెట్టాలన్నారు. పురోహితుడేమో మంచి ముహూర్తం గంటలోపే ఉందన్నాడు. గంటలో ముప్పై కంప్యూటర్లు సిద్ధం చెయ్యడం ఎవరివల్లా కాదు. అప్పుడు కంప్యూటర్ షాపు గుణశేఖర్ ఒక ఉపాయం చెప్పాడు. "ఒక్కదాన్ని తయారుచేసీసి పూజ చేసీండి సార్. తరవాత దాని డిస్కునే మిగతా ఇరవై తొమ్మిదింటికీ కాపీ కొట్టీస్తాను."

ప్రిన్సిపాల్‌గారి ముఖం వెలిగిపోయింది. "అంటే పూజ చేసిందే అన్నిట్లోకీ వెళ్తుందన్నమాట!"

"అచ్చుగుద్దినట్టు సార్. ఇసుమంత తేడా ఉండదు."

కొబ్బరికాయ కొట్టారు. మొదటి టేబుల్ మీది కంప్యూటరుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పూజ జరుగుతుండగా ఫోటో తీసి అదే దాని తెర మీద పెట్టారు. సాయంత్రానికి ముప్పై తెరల మీదా ముప్పై మంది వైకుంఠరావుగారు ముప్పై కొబ్బరికాయలు పట్టుకుని నిలబడ్డారు. చూడముచ్చటగా ఉందని అందరూ అన్నారు. నేనూ తీగ అవతల కొత్తవాళ్ళు వస్తారని ఆశగా ఎదురుచూస్తున్నాను.

వచ్చారు. మొదటిది తన గుర్తు చెప్పింది, రాసుకున్నాను. రెండోది వచ్చింది. అదే గుర్తు. మూడోదీ అదే. ముప్పై వచ్చాయి, ముప్పై ఒకే గుర్తు చెప్పాయి. ఒకే రేషన్ కార్డు పట్టుకుని ముప్పై మంది వరసలో నిలబడితే డీలరు ఏం చేస్తాడు? గుణశేఖర్ డిస్కు కాపీ కొట్టినప్పుడు ఫోటోతోపాటు, పూజతోపాటు, ఆ మొదటి కంప్యూటర్ గుర్తు కూడా అన్నిట్లోకీ వెళ్ళిపోయింది. నా లెక్కలో ఆఫీసువి ఆరు, ల్యాబంతా కలిపి ఒకటి, మొత్తం ఏడు. పాతిక లేనిదే ముద్ర లేదు. అందరినీ తిప్పి పంపాను.

కొన్నాళ్ళకి కొబ్బరికాయల వైకుంఠరావుగార్లు ఒక్కొక్కరే మాయమయ్యారు. తెరలన్నీ నల్లబడ్డాయి. కిందిమూల ఒక వాక్యం మొలిచింది, ఈ సాఫ్ట్‌వేరు యాక్టివేట్ కాలేదని. ఆ వాక్యం తెర మీద ఉండగా సెంటరు ఇవ్వరు. అప్పటికి తనిఖీ రెండు రోజుల్లో ఉంది.

ప్రిన్సిపాల్‌గారు, భానుజ్యోతి, గుణశేఖర్ ముగ్గురూ నా గదిలోకి వచ్చారు. గుణశేఖర్ నన్ను చూసి పెదవి విరిచాడు.

"దీని పనయిపోయింది సార్. ముసిలిదయిపోయింది. ఏది అడిగినా ఏడు, ఏడు అంటంది."

"కొత్తది పెట్టడానికి?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"కంపెనీ వాళ్ళు అనుమతివ్వాలి, వారం పడతాది. ఎందుకు సార్ ఇదంతా? నా పెన్‌డ్రైవులో దొంగ యాక్టివేటర్ ఉంది. ఒక్కోదానికి రెండు నిమిషాలు. నలుపు పోద్ది, ఎవడికీ తెలీదు."

ప్రిన్సిపాల్‌గారు భానుజ్యోతివైపు చూశారు. చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి. భయపడ్డవాళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ ముఖంలో అనుమతి వెతుక్కుంటారు.

"మన చీర మనం కొనుక్కుని, కట్టుకోడానికి దొంగతనం దేనికి సార్?" అంది భానుజ్యోతి. "రేపు పిల్లలు పరీక్ష రాస్తున్నప్పుడు ఆ దొంగ సరుకు అడ్డం తిరిగితే? నాకు ఒక పూట టైమివ్వండి."

"ఒక పూటేనమ్మా. తరవాత నేను చెయ్యగలిగింది లేదు."

వాళ్ళు వెళ్ళాక ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. వేడెక్కిపోయానేమోనని మూత విప్పి దుమ్ము తుడిచింది. నా జత ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటే, చంటిపిల్ల వేళ్ళు తుడిచినట్టు తుడిచింది. అంతలో వేలికి ఏదో తగిలింది.

"పిన్నీ, ఇటు చూడు. దీన్లో మరమరం ఉంది!"

తలుపు దగ్గర నిలబడ్డ సన్యాసమ్మ తొంగిచూసింది. "ఉండదేటి మరి? రాత్రీ పగలూ కరెంటు తిని ఎన్నాళ్ళుంటాది. దానికీ నోటికి కారంగా ఏదో ఒకటి కావాల కదా."

భానుజ్యోతి పకపకా నవ్వింది. నాలుగు రోజుల తరవాత ఆ నవ్వు వినడం. ఆ మరమరాన్ని కిటికీ మీద పెట్టింది, కాసేపటికి ఉడుత తీసుకుపోయింది. ఇన్నేళ్ళు దాచుకున్నది పోయినా నాకు దిగులనిపించలేదు. నవ్వుకి పనికొచ్చింది, ఉడుతకీ పనికొచ్చింది.

నవ్వాక మనుషుల బుర్ర బాగా పనిచేస్తుందని నేను చాలాసార్లు గమనించాను. భానుజ్యోతి ఒక తెర, కీబోర్డు తెచ్చి నాకు తగిలించి మళ్ళీ అడిగింది, ఎంతమంది వచ్చారని. ఏడు అన్నాను. నాకు వచ్చిన భాష అదొక్కటే. ఆమె వెళ్ళి ల్యాబులో ఒక కంప్యూటర్ని నా దగ్గరికి పంపి మళ్ళీ అడిగింది. ఏడు. ఇంకోదాన్ని పంపింది. ఏడు. చెడిపోయిన యంత్రమైతే ఏదో ఒకటి వాగుతుంది కానీ ఇంత నిలకడగా ఒకే మాట మీద ఉండదనిపించిందేమో, కుర్చీ నాకు ఇంకా దగ్గరగా జరుపుకుంది. తరవాత వేళ్ళు మడిచింది.

"ఆఫీసువి ఆరు. మరి ఆ ఏడోది?"

నా పచ్చ దీపం మిణుకుమనడం తప్ప ఏం చెయ్యగలను?

"ల్యాబంతా నీకు ఒకటే మిషన్‌లాగ కనబడతంది కదూ?" అంది నాతోనే, చాలా నెమ్మదిగా. "అందరూ ఒకటే పేరు చెప్తన్నారు. మేమే కాపీ కొట్టేము. నువ్వు మొదట్నించీ నిజమే చెప్తన్నావు."

పన్నెండేళ్ళ సర్వీసులో నాతో ఒక మనిషి నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

తరవాత జరగాల్సింది పెద్ద విద్య కాదు, ఓపిక. ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని, నీ పాత గుర్తు చెరిపేసుకో, నీదంటూ ఒకటి పుట్టించుకో అని చెప్పాలి. అది ఆరి మళ్ళీ వెలగాలి. వెలిగాక నా దగ్గరికి పంపాలి. భానుజ్యోతి కొంగు బిగించి మొదటి టేబుల్ వదిలేసి రెండోదాని నుంచి మొదలుపెట్టింది. మొదటిదాని మీద కుంకుమ ఇంకా చెదరలేదు, దాన్ని ఆఖర్న చూద్దామనుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది. నా లెక్క కదిలింది. ఎన్నాళ్ళకి కొత్త గొంతులు!

కానీ పాతిక నిండేదాకా ఎవరికీ ముద్ర లేదు. పదిహేడు కంప్యూటర్లు అయ్యాయి, తెరలన్నీ ఇంకా నల్లగానే ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నారు. గుణశేఖర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి వేలికి తిప్పుతున్నాడు.

"చెప్పేను కదా మేడం. ఇంతసేపూ చేసేరు, ఒక్కటైనా తెల్లబడిందా?"

"ఆటో నిండలేదు గుణశేఖర్‌గారూ, ఇంకొక్కరు ఎక్కాలి" అంది ఆమె, పద్దెనిమిదోదాన్ని ఆర్పుతూ.

అది ఆరి, వెలిగి, తీగ వెంట పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. పాతిక. ఎన్నాళ్ళనుంచో చేతిలో పట్టుకుని కూర్చున్న ముద్ర ధన్‌మని వేశాను. అక్కడ ల్యాబులో ఆ తెర మీది నలుపు విడిపోయి, కొబ్బరికాయతో వైకుంఠరావుగారు ప్రత్యక్షమయ్యారు. గుమ్మంలో ఉన్న వైకుంఠరావుగారు అది చూసి అప్రయత్నంగా నమస్కారం పెట్టారు. ఎవరికి పెట్టారో ఆయనకే తెలియాలి. తిప్పి పంపినవాళ్ళందరూ మళ్ళీ వచ్చారు. ఒక్కరినీ నిలబెట్టకుండా వేసి పంపాను. గుణశేఖర్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని, మిగతావి చెయ్యడానికి తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు.

ఆఖరికి మొదటి టేబుల్ ఒక్కటే మిగిలింది, ఆ గుర్తు మొదట్నించీ దానిదే కాబట్టి మార్చక్కర్లేదు. ప్రిన్సిపాల్‌గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "మిగతావాటి గుర్తు చెరిపేశాం కదా, వాటికి పూజ చేసిన ఫలం పోదు కదమ్మా?"

జవాబు సన్యాసమ్మే చెప్పింది. "ఒకదానికి బొట్టెట్టీసి ముప్పైకీ సరిపెట్టీసేరు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే పెద్దోడికి తలంటి అందరికీ అయిపోయిందంటామేటి బాబూ?" కుంకుమ భరిణె తెచ్చి, ముప్పై కంప్యూటర్లకీ పేరుపేరునా బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. ప్రిన్సిపాల్‌గారు వెనకాలే పసుపు పట్టుకుని నడిచారు.

తనిఖీకి వచ్చిన అధికారి తెరలన్నీ చూశాడు, తీగలన్నీ చూశాడు, తప్పు పట్టడానికేమీ దొరక్క, ప్రతిదానికీ బొట్టెందుకుందని అడిగాడు. "దేనికది వేరేనండి మా దగ్గర" అన్నారు వైకుంఠరావుగారు గంభీరంగా. సెంటరు వచ్చింది.

పరీక్ష డిసెంబరులో జరిగింది. గేటు మా గదికి ఎదురే. ఇంక గేటు మూసే వేళవుతుండగా గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి ఒక పిల్ల ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది. మంచు వల్ల బస్సు ఆలస్యమైందట. గేటు దగ్గర భానుజ్యోతి నిలబడి ఉంది.

"మేడం, అయిపోయిందా మేడం?"

"అవలేదమ్మా. రా."

"నీళ్ళు తాగొచ్చా మేడం? టైముందా?"

"ఉంది. కూచుని తాగు, పొలమారతాది" అంది భానుజ్యోతి. ఆ పిల్ల తాగినంతసేపూ గేటు రెక్కని చేత్తో పట్టుకునే నిలబడింది.

ఆ పూట ముప్పై కంప్యూటర్ల ముందూ ముప్పై మంది పిల్లలు కూర్చున్నారు. ఒక్క తెరా నల్లబడలేదు. నాకు ఆ రోజు చెయ్యడానికి పనేమీ లేదు. వేసిన ముద్రలు వాటి పని అవి చేస్తున్నాయి. నేను ఊరికే పచ్చ దీపం వెలిగించుకుని, అక్కడినుంచి వచ్చే టకటకలు వింటూ కూర్చున్నాను. నన్ను తీసేసి కొత్తది పెట్టే మాట ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. ఎప్పుడో ఒకరోజు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. అప్పుడు ఈ ఫ్యాను ఇంకా బాగుంటే ఇంకెవరికైనా పెడతారనుకుంటాను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక భానుజ్యోతి వచ్చి నా మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉన్నాను. కొంగుతో మూత మీది దుమ్ము తుడిచి వెళ్ళిపోయింది. సన్యాసమ్మ తాళాలగుత్తితో వచ్చి, కిటికీకి అట్టముక్క సర్ది, దీపం ఆర్పింది. నేను అలవాటుగా ధడాలు చప్పుడు కోసం స్క్రూలు బిగబట్టుకున్నాను. ఆవిడ భుజం ఆనించబోయి, ఎందుకో ఆగి, నావైపు చూసింది.

"బాగా అలిసిపోనాది పాపం" అంది.

తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని కొంచెం పైకెత్తి, ఉబ్బిన చెక్క గడపకి తగలకుండా, చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లోలాగా, చప్పుడు లేకుండా దగ్గరికి వేసింది.